సాహిత్య పరిశోధన పత్రం: ముందు మూలమా, విమర్శా?
(చిత్తుప్రతి, పుటసంఖ్య, రెండోముద్రణ అనే మారుపేర్లతో ముగ్గురి చర్చ)

చిత్తుప్రతి:
ఒక రచన మీద పది పుటల పేపరు రాయాల్సిన విద్యార్థికి ఎక్కువగా వినిపించే సలహా: "దాని మీద వచ్చిన విమర్శంతా ముందు చదువు, తర్వాత నీ పాయింటు తేల్చుకో." ఈ వరస తలకిందులుగా ఉందని నా వాదన. విమర్శతో మొదలుపెట్టిన వాళ్లకి మూలంలో విమర్శకుడు చూపినవే కనిపిస్తాయి. పేపరు చివరికి "ఫలానావారు ఇలా అన్నారు, ఇంకొకరు అలా అన్నారు" అనే జాబితాగా తేలుతుంది.

మొదటిసారి పెన్సిల్ పట్టకుండా చదవాలి. రెండోసారి అంచుల్లో గుర్తులు పెట్టాలి: పదేపదే వచ్చే మాట, కథకుడు చెప్పకుండా దాటేసిన సంగతి, ఒక పాత్ర మాటతీరు మారిన చోటు. ఆ గుర్తుల్లోంచి ఒక ప్రశ్న, దానికి ఒక్క వాక్యంలో తాత్కాలిక జవాబు. అది కాగితం మీద పడ్డాకే లైబ్రరీకి వెళ్లాలి.

పుటసంఖ్య:
వినడానికి బాగుంది గానీ, నాలుగు వారాల గడువులో ఇది ప్రమాదం. సొంతం అనుకున్న ఆలోచన ఎప్పుడో అచ్చయిందని మూడో వారంలో తెలుస్తుంది. అప్పుడు పేపరు మార్చే వ్యవధి ఉండదు. పాత రచనల్లో ఇంకో చిక్కుంది: ఆ కాలంలో ఒక మాటకున్న అర్థం తెలియక, ఇవాళ్టి అర్థం మీద వాదమంతా కట్టేస్తారు.

ముందు రెండే వ్యాసాలు చదవండి. ఒకటి ఆ రచన మీద ఇప్పటిదాకా జరిగిన చర్చను సమీక్షించేది, రెండోది ఇటీవలిది. వాటి చివరనున్న ఉపయుక్త గ్రంథసూచులు పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ ఉన్న పేర్లే తప్పనిసరిగా చదవాల్సినవి. రెండు రోజుల పని ఇది.

రెండోముద్రణ:
మీరిద్దరూ "మూలం" అంటున్నారు. ఏ మూలం? అసలు తగాదా అక్కడే మొదలవ్వాలి. కన్యాశుల్కం 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాసి 1909లో మళ్లీ వేశారు. మనం మామూలుగా చదివేది ఆ రెండోదే. మధురవాణికి అంత చోటు దక్కింది అందులోనే. మేరీ షెల్లీ ఇంగ్లీషు నవల ఫ్రాంకెన్‌స్టైన్‌దీ అదే కథ: 1818 ముద్రణలో ఎలిజబెత్ కథానాయకుడు విక్టర్‌కి మేనత్త కూతురు, 1831 నాటికి పెంచుకోవడానికి తెచ్చిన అనాథ. ఒక ముద్రణ మీద రాసిన విమర్శను తెచ్చి ఇంకో ముద్రణలోని వాక్యాలకి అతికిస్తే పేపరు అక్కడే కూలిపోతుంది. అందుకని మొదటి రోజే ఒక ప్రతి ఎంచుకోండి. ముద్రణ సంవత్సరం, సంపాదకుడి పేరు రాసిపెట్టుకోండి. పుట సంఖ్యలన్నీ ఆ ఒక్క ప్రతివే ఇవ్వండి.

చిత్తుప్రతి:
రెండోముద్రణ గారి మాటకు తిరుగులేదు. నా వరసలో అదే మొదటి మెట్టు కావాలి.

పుటసంఖ్య గారూ, ఒకరు ముందే అన్నారని ఆలోచన చచ్చిపోదు. "కన్యాశుల్కంలో హాస్యం" అన్నది విషయమే, ప్రతిపాదన కాదు. దానితో ఎవరు విభేదించగలరు? "గిరీశం ఇంగ్లీషు అతని చదువుకంటే, ఎదుటివాళ్లకి అది రాదన్న అతని ధీమానే ఎక్కువ చూపిస్తుంది" అంటే ప్రతిపాదన. వెంకటేశంతో, బుచ్చమ్మతో, సౌజన్యారావు పంతులుతో మాట్లాడేటప్పుడు ఆ ఇంగ్లీషు ఎంత, ఎలా వస్తోందో పక్కపక్కన పెట్టి నిరూపించాలి. పొసగని సంభాషణ ఎదురైతే దాన్ని దాచకుండా ప్రతిపాదననే సవరించాలి. ఇంత చిన్న వాదాన్ని అచ్చంగా ఇవే ఆధారాలతో ఇంకొకరు రాసి ఉండడం అరుదు. ఎవరైనా రాసి ఉంటే, వాళ్లు వదిలేసిన సన్నివేశమే మీకు దారి.

పుటసంఖ్య:
ప్రతిపాదన అంత ఇరుకుగా ఉంటే ఒప్పుకుంటాను. కాకపోతే తొలి చిత్తులో అలాంటిది తక్కువగా చూస్తాం. ఎక్కువగా కనిపించేది కథాసంగ్రహం: పది పుటల్లో నాలుగు. చదివేవాళ్లకి కథ తెలుసనుకుని రాయండి, సన్నివేశాన్ని గుర్తుచేయడానికి రెండు వాక్యాలు చాలు.

నోట్సు దగ్గర ఇంకో ముప్పుంది. విమర్శకుడి వాక్యం, దాన్ని మన మాటల్లో కుదించినది, మన సొంత ఊహ ఒకే రంగు సిరాతో ఒకే పేజీలో ఉంటే పది రోజుల తర్వాత ఏది ఎవరిదో తెలియదు. తెలియకుండా జరిగే గ్రంథచౌర్యం చాలావరకు ఇలాగే పుడుతుంది. ఉన్నదున్నట్టు ఎత్తిరాసిన ప్రతి మాటా కొటేషన్ గుర్తుల్లో ఉండాలి, పక్కనే పుట సంఖ్య. కుదించి రాసేటప్పుడు పుస్తకం మూసి రాయాలి, తెరిచి పోల్చుకోవాలి.

రెండోముద్రణ:
కుదింపుకే కాదు, ఉల్లేఖనకీ హద్దుండాలి. ఎంఎల్ఏ (మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్ అనే అమెరికా సంస్థ) పేపర్లకి పెట్టిన పద్ధతిలో వచనం నాలుగు వరుసలు దాటితే, పద్యం మూడు పాదాలు దాటితే, కొటేషన్ గుర్తులు తీసేసి అర అంగుళం లోపలికి జరిపి విడిగా ఇస్తారు. అలాంటివి పది పుటల్లో రెండు మించితే పేపరు రచయితదవుతుంది గానీ మనది కాదు. ఎత్తిచూపిన ప్రతి వాక్యం కిందా అందులోని ఏ మాట మన వాదాన్ని మోస్తోందో చెప్పాలి. అది చెప్పలేకపోతున్నామంటే ఆ ఉల్లేఖన తీసేయొచ్చు.

పీఠికల సంగతి కూడా. రచయిత తన ఉద్దేశం ఇదీ అని పీఠికలో రాసుకుంటే దాన్నే తీర్పుగా తీసుకుంటారు. పీఠిక ఒక సాక్ష్యం మాత్రమే. రచన దానికి ఎదురు తిరిగిన చోటే మంచి పేపరు దొరుకుతుంది.

చిత్తుప్రతి:
పుటసంఖ్య గారు చెప్పిన రెండు వ్యాసాలకి ఒప్పుకుంటున్నాను. మొదటి పఠనం తర్వాత, రెండోదానికి ముందు అయితేనే. ఆ విమర్శను రెండో పుటలో "పూర్వ పరిశోధన" అని కుప్పపోయకండి. ఏ పేరాలో ఆ విమర్శకుడితో మీరు విడిపోతున్నారో ఆ పేరాలోనే ఆయన్ని పిలవండి.

పుటసంఖ్య:
మొదటి పఠనం తర్వాత అన్నది నాకు సమ్మతమే, ఇవాళ్టి రచనలకి. భాష దూరమైన పాత రచనలకి మాత్రం ముందే చదవాలన్న మాట మీదే ఉన్నాను.