ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో ఉన్న వారమ్ పెర్సీ గ్రామం ఎందుకు ఖాళీ అయింది?

ప్రశ్న (లీడ్స్ నివాసి): నమస్కారం. యార్క్‌షైర్ వోల్డ్స్ అనే సుద్దరాతి గుట్టల నడుమ ఉన్న వారమ్ పెర్సీని ఈమధ్య చూశాము. అక్కడ పైకప్పు లేని సెయింట్ మార్టిన్ చర్చి నిలిచి ఉంది. మధ్యయుగపు ఇళ్ళు మాత్రం పచ్చిక కింద గట్లుగా మిగిలాయి. 1349 నాటి మహామారికి (ప్లేగు వ్యాధికి) ఊరంతా తుడిచిపెట్టుకుపోయిందని మా వెంట ఉన్నవారు చెప్పారు. ఇది ఎంతవరకు నిజం? పాత పుస్తకాలు ఈ ఊరిని యార్క్‌షైర్‌లోని ఈస్ట్ రైడింగ్ అనే విభాగంలో చూపితే, నేటి పటాలు నార్త్ యార్క్‌షైర్ కౌంటీలో (జిల్లా వంటి విభాగంలో) చూపుతున్నాయి. ఏది సరైనది?

జవాబు 1 (చరిత్ర అధ్యాపకుడు): మహామారి ఊరిని దెబ్బతీసిన మాట నిజమే కాని, ఆ తరువాత కూడా అక్కడ దాదాపు నూట యాభై ఏళ్ళు జనం ఉన్నారు. ఉన్నికి గిరాకీ పెరిగి, దున్నే పొలం కన్నా గొర్రెల బీడే లాభసాటి కావడంతో, 1500 ప్రాంతంలో హిల్టన్ వంశపు భూస్వామి మిగిలిన కొద్ది కుటుంబాలను వెళ్ళగొట్టాడు. ఎందరో రైతులు బతికిన భూమికి ఒక కాపరి, కొన్ని మందలు చాలినప్పుడు ఆ రైతులు నిలువ నీడ లేనివారయ్యారు. దీనిని రోగం ఖాతాలో వేయడం వారికి అన్యాయం చేయడమేనని నా అభిప్రాయం.

జవాబు 2 (పురావస్తు విద్యార్థిని): అధ్యాపకుల వారి మాటకు ఒక చేర్పు. మహామారి తరువాత పనివారి కొరత వల్ల కూలి రేట్లు పెరిగి, మెరుగైన భూములు మరోచోట దొరకడంతో, కొందరు తమంతట తామే తరలిపోయారు. భూస్వామి ఖాళీ చేయించింది అప్పటికే పలచబడిన ఊరిని. ఈ క్షీణత చర్చి గోడల్లోనే కనిపిస్తుంది. జనం ఎక్కువగా ఉన్నప్పుడు పక్కలకు నడవాలు కట్టి చర్చిని విశాలం చేశారు, తగ్గాక వాటిని తీసేసి, తోరణాల మధ్య ఖాళీలను రాతితో పూడ్చారు. ఆ తోరణాల వంపులు నేటికీ గోడలో స్పష్టంగా తెలుస్తాయి. ఊరు పోయినా చర్చి నిలవడానికి కారణం పొరుగునున్న థిక్సెన్‌డేల్ ప్రజలు. 1870లో తమ ఊళ్ళో చర్చి కట్టుకునే దాకా వారిదీ ఇదే. గోపురంలో కొంత భాగం 1959లో కూలింది. చరిత్రకారుడు మారిస్ బెరెస్‌ఫోర్డ్, పురావస్తు శాస్త్రవేత్త జాన్ హర్స్ట్‌ల ఆధ్వర్యంలో 1950 నుంచి 1990 వరకు ఇక్కడ తవ్వకాలు సాగాయి. రాజుల కోటలను వదిలి, సామాన్య రైతుల ఇళ్ళ కోసం ఇంత ఓపికగా నేలను తవ్విన పని చాలా అరుదు.

జవాబు 3 (యార్క్ నివాసి): కౌంటీ విషయంలో రెండూ సరైనవే. చారిత్రకంగా ఇది ఈస్ట్ రైడింగ్‌లోని ఊరు; 1974లో సరిహద్దులు మార్చినప్పుడు నార్త్ యార్క్‌షైర్‌లో చేరింది. కాబట్టి పాత దస్తావేజులు వెతికేవారు ఈస్ట్ రైడింగ్ పేరుతోనే వెతకాలి. ఇంగ్లండు మొత్తం మీద ఇలా పాడుబడిన మధ్యయుగపు ఊళ్ళు సుమారు మూడు వేలు గుర్తించారు; వోల్డ్స్ గుట్టల్లోనే మరికొన్ని ఉన్నాయి. సాయంత్రం ఏటవాలు ఎండలో వెళ్తే గట్ల నీడలు పొడవుగా పడి, ఇళ్ళ హద్దులు, వీధి దారి చక్కగా తెలుస్తాయి.