బోర్డు తగిలించకముందు వోల్టేజీ చూస్తే చాలా, లోడ్ పెట్టి చూడాలా?

మర్రిపాలెం స్టీరియో:
ఇంట్లోనే ఆంప్లిఫయర్ కడుతున్నాను. 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్ (మధ్య వైరు నుంచి రెండు చివరలకీ చెరో 24 వోల్టులు), 3 ఆంపియర్లది. ఏసీని డీసీ చేసే డయోడ్ బ్రిడ్జ్, పక్కకొకటి చొప్పున 4700 ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్), 50 వోల్టుల కెపాసిటర్లు. బోర్డు లేకుండా మీటర్ పెడితే ఒక పక్క 36.4, ఇంకో పక్క మైనస్ 36.3. "సమానంగా వచ్చాయిగా, టీడీఏ 7294 ఆంప్లిఫయర్ ఐసీ బోర్డులు తగిలించెయ్" అంటాడు బాబాయి. లోడ్ పెట్టి, అంటే రెసిస్టర్‌తో కాస్త కరెంటు లాగించి చూడందే ముట్టుకోవద్దంటాడు ఫ్రెండు. ఎవరి మాట వినాలి?

రేడియో తాత:
బాబాయి మాటే విను నాయనా. 24 అన్నది ఏసీ. డీసీ అయ్యాక 1.414 రెట్లు, అంటే 34 దాకా. లోడ్ లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ఇంకాస్త ఎక్కువే ఇస్తుంది. అర్ధరాత్రి లైన్లో 230 కాస్తా 245 అయితే నీ 36 కాస్తా 39కి చేరువవుతుంది. 7294 పాటతో నడవడానికి గరిష్ఠం ప్లస్ మైనస్ 40. ఐసీ చచ్చేది ఈ పెద్ద అంకెకే. లోడ్ పెట్టి, తగ్గిన అంకె చూసి మురిసిపోతే మోసపోతావు.

గాజువాక సౌండ్:
తాతగారూ, లెక్క సరే. మరి సెంటర్ ట్యాప్, అంటే ట్రాన్స్‌ఫార్మర్ మధ్య వైరు ఊడి ఉంటే? బ్రిడ్జ్‌కి రెండు చివరల 48 ఎలాగూ అందుతుంది. కెపాసిటర్ల మీదున్న 2.2 కిలో ఓంల రెసిస్టర్లు దాన్ని చెరిసగం పంచేస్తాయి. మీటర్లో చక్కగా 36, 36. బోర్డు పెట్టాక ఒక పక్క కరెంటు ఎక్కువ లాగిందా, ఆ పక్క కుంగిపోయి రెండో పక్క 60 దాటేస్తుంది. 50 వోల్టుల కెపాసిటర్ గతేంటి?

రేడియో తాత:
దానికి లోడ్ ఎందుకయ్యా? ప్లగ్గు తీసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగి, ట్రాన్స్‌ఫార్మర్ మధ్య వైరుకీ కెపాసిటర్ల గ్రౌండ్‌కీ మధ్య మీటర్‌లో కంటిన్యుటీ బీప్ చూడు. పైగా వైరు నిజంగా ఊడి ఉంటే, ఒక పక్క లోడ్ పెట్టి నువ్వే ఆ కెపాసిటర్‌ని పేలుస్తావు.

గాజువాక సౌండ్:
బీప్‌కి మీటర్ పంపేది మిల్లీ ఆంపియర్ లెక్కన. ఒక్క పోగు అంటుకున్నా మోగుతుంది, డ్రై సోల్డర్ (సరిగా పట్టని టంకం) అయినా మోగుతుంది. మన బీచ్ గాలికి స్క్రూ టెర్మినళ్లు ఎంత తొందరగా పచ్చబడతాయో చూడట్లేదా? ముందు బీప్ చూడండి, కాదనను. తర్వాత ప్లస్ పక్క 220 ఓంలు, 10 వాట్ల వైర్‌వౌండ్ పెట్టి, మీటర్‌ని మైనస్ పక్క ఉంచండి. అంకె పైకి పాకడం రెండు సెకన్లలో తెలిసిపోతుంది, వెంటనే ఆపెయ్యొచ్చు.

కంచరపాలెం వైరింగ్:
ఇంత రాద్ధాంతం ఏటండీ బాబూ? మెయిన్స్ వైరులో వరసగా 60 వాట్ల సీరీస్ బల్బు పెట్టండి. ఒకసారి వెలిగి ఆరిందంటే అంతా క్షేమం.

రేడియో తాత:
షార్ట్ ఉందో లేదో అది చెబుతుంది. మధ్య వైరు ఊడిన సంగతి బల్బుకేం తెలుసు? ఇందులో మాత్రం నేను గాజువాక పక్షమే. బల్బు ఉండగా లోడ్ మీద వచ్చిన అంకెలు కూడా రాసుకోకు, తక్కువగా చూపిస్తాయి.

మర్రిపాలెం స్టీరియో:
బీప్ మోగింది. 220 ఓంలు పెడితే ప్లస్ 35.2కి దిగింది, మైనస్ 36.2 దగ్గరే ఉంది. రెసిస్టర్ బాగా కాలుతోంది.

గాజువాక సౌండ్:
దాదాపు 6 వాట్లు పడుతోంది, కాలుతుంది మరి. పక్కలు మార్చి ఇంకోసారి చూడు. వైరింగ్ గట్టిగానే ఉన్నట్టుంది.

రేడియో తాత:
అర్ధరాత్రి 39 సంగతి మాత్రం అలాగే ఉంది. స్పీకర్లు ఎన్ని ఓంలు? 4 అయితే ఈ ట్రాన్స్‌ఫార్మర్ పనికిరాదు, ప్లస్ మైనస్ 27 చాలు.

మర్రిపాలెం స్టీరియో:
8 ఓంలు.

రేడియో తాత:
అయితే ఉంచుకో. 22-0-22 దొరికితే నేనైతే మార్చేస్తాను. ఐసీకీ హీట్‌సింక్‌కీ మధ్య కరెంటు పారనివ్వని మైకా ముక్క పెట్టడం మరిచిపోకు, ఐసీ వెనక రేకు మైనస్ 36 మీదే ఉంటుంది.