బోర్డు తెరిస్తే ‘పేజీ దొరకలేదు’ అంటోంది, నిన్నటిదాకా బాగానే ఉంది

బెంచీ_3:
సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను, ఇప్పుడు ఒంటిగంట కావస్తోంది. ఇక నా వల్ల కావట్లేదు. మా హైస్కూల్ 1998 బ్యాచ్ కోసం పీహెచ్‌పీబీబీ అనే ఫోరం సాఫ్ట్‌వేర్‌తో ఒక చర్చా బోర్డు పెట్టాను. ఉచితమే కదా, మనమే పెట్టుకుందామని. వాట్సాప్ గ్రూపులో పాత ఫొటోలు వెతికితే దొరకట్లేదని రోజూ ఒకటే గోల. నిన్నటిదాకా బోర్డు బ్రహ్మాండంగా నడిచింది. పద్దెనిమిది మంది చేరారు, నలభై పోస్టులు పడ్డాయి. ఇప్పుడు తెరిస్తే 404, పేజీ దొరకలేదు. నేనేమీ చేయలేదు. హోస్టింగ్ వాళ్లకు ఫోన్ చేస్తే ‘మా వైపు అంతా బాగానే ఉంది సార్’ అని పెట్టేశారు. పొద్దున పదింటికి జూమ్‌లో అందరికీ బోర్డు చూపిస్తానని డప్పు కొట్టి ఉన్నాను. ఒకటే టెన్షన్. కాస్త చూడండి.

గడియ:
వెర్షన్?

బెంచీ_3:
లేటెస్ట్.

గడియ:
లేటెస్ట్ అనేది వెర్షన్ కాదు. బోర్డు 3.3 పెట్టి, అది నడిచే భాష పీహెచ్‌పీ 7.1.3 కంటే పాతది ఉంటే అసలు లేవదు. హోస్టింగ్ ప్యానెల్‌లో చూసి చెప్పు.

బెంచీ_3:
బోర్డు 3.3 అనే ఉంది, పీహెచ్‌పీ 8.1. నిన్న నడిచిందని చెప్పాను కదండీ.

వేపచెట్టు_నీడ:
“ఉచితమే కదా” అన్నారు చూశారా, నేను అక్కడే ఆగిపోయాను. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. గుళ్లో ఆకులో పెట్టే పులిహోర ఉచితం. ఆ పులిహోర ఎలా కలిపారో చెప్పి, మీ ఇంట్లో ఇంగువ ఇంకాస్త ఎక్కువేసి చేసుకోనిచ్చి, పక్కింటికి కూడా పంచుకోనిస్తే అది స్వేచ్ఛ. పీహెచ్‌పీబీబీ జీపీఎల్ రెండో వెర్షన్ లైసెన్సు కింద వస్తుంది, అంటే ఈ రెండో రకం. ఇంగ్లీషువాళ్లకు రెంటికీ ‘ఫ్రీ’ అనే ఒకే మాట ఉండి తికమక పడ్డారు. మనకు రెండు మాటలుండి కూడా మనమెందుకు కలిపేస్తాం?

బెంచీ_3:
సార్, పులిహోర తర్వాత తింటాను. బోర్డు తెరుచుకోవట్లేదు.

క్లౌడ్_మామ:
డిస్కోర్స్ పెట్టుకో బ్రో. అదీ ఫోరం సాఫ్ట్‌వేరే, కొత్త తరంది. 2000 సంవత్సరంలో మొదలైన ఈ పీహెచ్‌పీబీబీ సరుకు పట్టుకుని ఇంకా ఎందుకు వేలాడటం?

గడియ:
ఆయనది షేర్డ్ హోస్టింగ్‌లా ఉంది, ఒకే సర్వర్‌ని చాలామంది పంచుకునేది. డిస్కోర్స్‌కి డాకర్ అనే ప్రోగ్రాం కావాలి, కనీసం 1 జీబీ ర్యామ్ ఉన్న సొంత సర్వర్ కావాలి. రాత్రి ఒంటిగంటకి ఇచ్చే సలహా కాదది.

క్లౌడ్_మామ:
నెలకో బిర్యానీ మానేస్తే సర్వర్ వస్తుంది.

బెంచీ_3:
షేర్డే. ఏడాదికి కట్టేశాను బ్రో. బిర్యానీ కూడా మానను.

తాళాలగుత్తి:
తమ్ముడూ, ఇవన్నీ వదిలేయ్. 404 వచ్చినప్పుడు పైన అడ్రసు బార్‌లో నీ డొమైన్ పేరొక్కటే ఉందా, వెనకాల ఇంకేమైనా తగిలిందా?

బెంచీ_3:
నేను కొట్టేది పేరొక్కటే అక్కా. అది తనంతట తనే వెనకాల ఇన్‌స్టాల్, గీత, యాప్.పీహెచ్‌పీ అని తగిలించుకుంటోంది. కానీ ఇన్‌స్టాల్ ఫోల్డర్ నేను తీసేశాను. పెట్టిన వెంటనే తీసేయాలి కదా. రెండు సార్లూ తీసేశాను.

గడియ:
రెండు సార్లా?

బెంచీ_3:
అవును. మొదట పెట్టినప్పుడు ఒకసారి, సాయంత్రం జిప్ మళ్లీ ఎక్కించి విప్పాక ఇంకోసారి. కొత్తగా చేరబోయిన ఐదుగురికి యాక్టివేషన్ మెయిల్ రాలేదన్నారు. ఏదో ఫైలు సరిగా ఎక్కలేదేమోనని మొత్తం ఉన్నచోటే మళ్లీ విప్పాను. అవే ఫైళ్లు కదా, దానికేమవుతుంది?

గడియ:
“నేనేమీ చేయలేదు.”

తాళాలగుత్తి:
దొరికింది. జిప్‌లో కాన్ఫిగ్.పీహెచ్‌పీ అని ఒక ఫైలు ఖాళీగా వస్తుంది. డేటాబేస్ పేరు, యూజర్, పాస్‌వర్డ్, టేబుళ్ల పేర్ల ముందు తగిలే ప్రిఫిక్స్, అన్నీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు అందులో రాసుకుంటుంది. సాయంత్రం నువ్వు ఆ ఖాళీ ఫైలు తెచ్చి రాసి ఉన్నదాని మీద పడేశావు. ఇప్పుడు బోర్డు లేవగానే కాన్ఫిగ్ చూస్తుంది, అందులో ఏమీ లేదు, ఓహో నన్నింకా ఇన్‌స్టాలే చేయలేదనుకుని ఆ ఫోల్డర్‌కి పంపిస్తుంది. ఫోల్డరేమో నువ్వు తీసేశావు. ఫైల్ మేనేజర్‌లో ఆ ఫైలు సైజెంతుందో చూడు.

బెంచీ_3:
0 బైట్లు. అక్కా, సున్నా! అయితే పోస్టులన్నీ పోయినట్టేనా? లెక్కల మాస్టారి రిటైర్మెంట్ ఫొటో ఒక్కటే కాపీ ఉంది, అదీ బోర్డులోనే.

తాళాలగుత్తి:
ఏమీ పోలేదు. పోస్టులు డేటాబేస్‌లో ఉంటాయి, ఎక్కించిన ఫొటోలు ఫైల్స్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. జిప్ మళ్లీ విప్పినా అవి చెరగవు.

గడియ:
హోస్టింగ్ బ్యాకప్‌లో నిన్నటి కాన్ఫిగ్ ఫైలుంటే అదొక్కటి తెచ్చి పెట్టు. రెండు నిమిషాల పని.

బెంచీ_3:
బ్యాకప్‌కి వేరే డబ్బులన్నారు. తీసుకోలేదు.

మోడెం_తాత:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. పీహెచ్‌పీబీబీలో బీబీ అంటే బులెటిన్ బోర్డ్ కదా, దీన్ని అలా అనడమే నాకు మింగుడుపడదు. అసలు బులెటిన్ బోర్డ్ అంటే ఫోన్ లైనుకి మోడెం తగిలించి ఎక్కేది. 1978లో చికాగోలో మంచు తుఫానుకి ఇల్లు కదలలేక వార్డ్ క్రిస్టెన్సెన్, ర్యాండీ స్యూస్ అనే ఇద్దరు కట్టారు మొదటిది. ఒకే లైను. ఒకడు లోపలుంటే రెండోవాడికి ఎంగేజ్ టోనే. చదువుకుని, రాసి, పెట్టేసేవాళ్లు. ఇప్పటివాళ్లకి ఒక్క 404 వస్తే ప్రాణం పోతోంది.

వేపచెట్టు_నీడ:
తాతగారూ, చక్కగా రచ్చబండ అనొచ్చు కదా. తెలుగు వికీపీడియాలో చర్చలు జరిగే పేజీకి ఆ పేరే పెట్టుకున్నారు.

క్లౌడ్_మామ:
రచ్చ అంటే గొడవ కదా అన్నా 😀

వేపచెట్టు_నీడ:
అది ఈ మధ్య మీరు చేసిన రచ్చ. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, గొడవలో గెలవమనలేదు. రచ్చ అంటే నలుగురూ కూడే చోటు.

తాళాలగుత్తి:
మీరు కానివ్వండి. తమ్ముడూ, నువ్వు నేను చెప్పింది వరసగా చెయ్యి. ముందు హోస్టింగ్ ప్యానెల్‌లో డేటాబేస్ చూపించే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లోకి వెళ్లి డేటాబేస్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి నీ కంప్యూటర్‌లో దాచుకో. ఇది అయ్యేదాకా ఇంకేదీ ముట్టుకోకు. అక్కడే ఎడమవైపు టేబుళ్ల పేర్లు ఉంటాయి, అన్నిటికీ ముందు కామన్‌గా ఏముందో కాగితం మీద రాసుకో. అదే నీ పాత ప్రిఫిక్స్.

ఆ తర్వాత జిప్‌లోంచి ఇన్‌స్టాల్ ఫోల్డర్ ఒక్కటే ఎక్కించి, మొదటిసారి చేసినట్టే ఇన్‌స్టాల్ చెయ్యి. డేటాబేస్ అదే ఇవ్వు, ప్రిఫిక్స్ మాత్రం వేరేది ఇవ్వు, టెంప్ అనో ఏదో ఒకటి. పాతదే ఇస్తే ఆ టేబుళ్లు ముందే ఉన్నాయని ఒప్పుకోదు. అది అయిపోయేసరికి కాన్ఫిగ్ ఫైలు నిండుగా తయారవుతుంది. దాన్ని ఎడిట్‌లో తెరిచి ప్రిఫిక్స్ ఉన్న లైన్‌లో టెంప్ తీసేసి, కాగితం మీద రాసుకున్నది పెట్టు. చివర్న అండర్‌స్కోర్ మర్చిపోకు, సగం మంది అక్కడే బోల్తా పడతారు. కొటేషన్ గుర్తులు కదపకు. క్యాష్ ఫోల్డర్‌లో ప్రొడక్షన్ అని ఉంటుంది, దాన్ని తీసేయ్, మళ్లీ తనే పుట్టించుకుంటుంది. ఇన్‌స్టాల్ ఫోల్డర్ తీసేసి పాత అడ్మిన్ పాస్‌వర్డ్‌తో లాగిన్ అవ్వు.

గడియ:
కాన్ఫిగ్ పర్మిషన్ 644కి మార్చు. 777 వదిలేయకు, అలాగైతే ఎవరైనా అందులో రాయొచ్చు.

బెంచీ_3:
టెంప్ టేబుళ్లు అలాగే ఉండనివ్వనా?

తాళాలగుత్తి:
బోర్డు లేచాక తీరిగ్గా తీసెయ్. నిద్రమత్తులో డిలీట్ నొక్కే పనులు పెట్టుకోకు.

మోడెం_తాత:
నెట్‌లోకి తెలుగు లిపి రాకముందు మేం తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో, ఆర్‌టీఎస్ పద్ధతిలో రాసుకునేవాళ్లం. పెద్దక్షరానికి ఒక అర్థం, చిన్నక్షరానికి ఒకటి. అయినా పద్యాలకు పద్యాలే కొట్టేవాళ్లం.

వేపచెట్టు_నీడ:
ఆ పోస్టులు ఎక్కడైనా దాచారా తాతగారూ? వేరే చర్చ మొదలుపెట్టండి, వస్తాను.

బెంచీ_3:
వచ్చేసింది!! మొదటిసారి అండర్‌స్కోర్ నిజంగానే మర్చిపోయాను, ఏదో టేబుల్ లేదని ఇంగ్లీషులో చాంతాడంత ఎర్రర్ వచ్చింది. అది పెట్టగానే అన్నీ ఉన్నాయి, మాస్టారి ఫొటోతో సహా. థ్యాంక్స్ అక్కా. పడుకుంటా.

గడియ:
మెయిళ్లు రానిది ఫైళ్ల వల్ల కాదు. షేర్డ్ హోస్టింగ్ నుంచి పోయే మెయిల్ చాలావరకు స్పామ్‌లో పడుతుంది. ఎస్‌ఎంటీపీ పెట్టు, అంటే వేరే మెయిల్ సర్వర్ ద్వారా పంపించు. అందాకా అడ్మిన్ ప్యానెల్‌లో అకౌంట్ యాక్టివేషన్ ‘అడ్మిన్ ద్వారా’ అని మార్చి, ఒక్కొక్కరినీ నువ్వే ఒప్పుకో.

చింతాకు:
నాకూ అదే సమస్య. జీమెయిల్ ఎస్‌ఎంటీపీ ఇచ్చాను, పాస్‌వర్డ్ తప్పంటోంది. పాస్‌వర్డ్ కరెక్టే. ఏం చేయాలి?

క్లౌడ్_మామ:
డిస్కోర్స్ పెట్టుకో బ్రో.

చింతాకు:
?