పది లక్షల సమీకరణాలు, పదహారు జీబీ మెమరీ

ప్రశ్న (రాయగడ): నాగావళి పక్కన భూగర్భజల మట్టాన్ని లెక్కించడానికి వెయ్యి అడ్డు, వెయ్యి నిలువు గళ్ల నమూనా తయారుచేసుకున్నాను. పది లక్షల సమీకరణాల మాత్రికను (గుణకాల పట్టికను) నిల్వ చేయబోతే పదహారు జీబీ మెమరీ ఉన్న నా కంప్యూటరు ఆగిపోతోంది. దారేమిటండీ?

జవాబు (పర్లాకిమిడి): పూర్తిగా నిల్వ చేస్తే, సంఖ్యకు 8 బైట్ల చొప్పున 8 టెరాబైట్లు కావాలి. నిజానికి ఒక్కో అడ్డు వరుసలో ఆ గడికీ, దాని నాలుగు పొరుగు గళ్లకూ చెందిన ఐదు సంఖ్యలే సున్నా కానివి కాబట్టి, వాటినే స్థానాలతో సహా దాచుకుంటే వంద మెగాబైట్ల లోపే సరిపోతుంది. చలరాశులను ఒక్కొక్కటిగా తొలగిస్తూ పోయే గాస్ పద్ధతి సున్నాల చోట కొత్త సంఖ్యలను పుట్టిస్తుంది, దాంతో మెమరీ అవసరం మళ్లీ పెరుగుతుంది. హెస్టెనెస్, స్టీఫెల్ 1952లో ప్రచురించిన కాంజుగేట్ గ్రేడియంట్ పద్ధతి ఒక అంచనాతో మొదలై, దాన్ని ఆవృత్తికింత సరిదిద్దుకుంటూ పోతుంది కాబట్టి దానికి ఆ బెడద లేదు.

ప్రశ్నించినవారు: అదీ చేశాను. వేల ఆవృత్తుల తరవాత కూడా దోషం దిగడం లేదు. నా నమూనాలో ఇసుక పొరకూ రాతి పొరకూ పారగమ్యత (నీటిని పోనిచ్చే గుణం) లక్ష రెట్లు తేడా.

జవాబు (కోరాపుట్): ఆ తేడాయే కారణమండీ. మాత్రిక ఎంత మొండిదో చెప్పే కండిషన్ నంబరు అలాంటి తేడాతో పెరిగిపోతుంది. ఆవృత్తుల సంఖ్య సుమారుగా ఆ నంబరు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కనుక, దాన్ని తగ్గించేలా సమీకరణాలను ముందే మలిచే అసంపూర్ణ చోలెస్కీ ప్రీకండిషనర్‌ను జోడించండి. ఇంకొకటి కూడా చూసుకోండి, నేనూ ఇక్కడే ఒక వారం పోగొట్టుకున్నాను: సరిహద్దు విలువలను పెట్టేటప్పుడు అడ్డు వరుసను మార్చి నిలువు వరుసను వదిలేస్తే మాత్రిక సౌష్ఠవం (అడ్డు వరుసలూ నిలువు వరుసలూ ఒకేలా ఉండటం) పోతుంది, అప్పుడు కాంజుగేట్ గ్రేడియంట్ పద్ధతి నమ్మదగినది కాదు.