16 ఎంసీబీ తీసి 32 పెడితే ఇండక్షన్ హాబ్‌కి సరిపోతుందా?

కూకట్‌పల్లి_కిచెన్: నాలుగు పొయ్యిల బిల్ట్-ఇన్ ఇండక్షన్ హాబ్ కొన్నాం, 7200 వాట్లు. ఇప్పుడు ఓవెన్, గ్రైండర్ వాడుతున్న 16 ఆంప్స్ పాయింటుకే కలిపేస్తానంటున్నాడు ఎలక్ట్రీషియన్. వైరు 2.5 స్క్వేర్ ఎంఎం ఉందట, లోడు ఎక్కువైతే ట్రిప్ అయ్యే ఎంసీబీ స్విచ్చు ఒక్కటి 16ది తీసి 32ది పెడితే చాలట. చేయించొచ్చా?

లోడ్‌లెక్క: అస్సలు వద్దు. 7200ని 230తో భాగించండి, 31 ఆంప్స్ దాటుతుంది. గోడలో పైపు గుండా పోయే 2.5 రాగి వైరు మోసేది సుమారు 20. ఎంసీబీ ఉండేది వైరుని కాపాడటానికి. 32ది పెడితే 46 ఆంప్స్ లాగుతున్నా ట్రిప్ అవ్వడానికి గంట దాకా పట్టొచ్చు, ఈలోపు గోడలో ఏమవుతుందో మీకు కనపడదు. డీబీ (ఎంసీబీలుండే మెయిన్ బోర్డు) నుంచి విడిగా 6 స్క్వేర్ ఎంఎం వైరుతో లైను, దానికి 32 ఎంసీబీ, సరైన ఎర్త్, కరెంటు లీకైతే ట్రిప్ అయ్యే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ. ప్లగ్గూ సాకెట్టూ కాదు, ఐసోలేటర్ (లైను పూర్తిగా ఆపే స్విచ్చు) పెట్టి నేరుగా కలపాలి.

టెస్టర్_బాబాయ్: సార్, కాగితం మీద లెక్క బానే ఉంది. నాలుగు పొయ్యిలూ ఫుల్లులో ఒకేసారి ఎవరు పెడతారు? పప్పు, కూర, అంతే. రెండు పొయ్యిలకి 15 ఆంప్స్ కూడా రాదు. ఈ పనిలోనే తల నెరిసింది నాకు.

గోంగూర_గ్యాంగ్: గ్యాస్ ఉండగా ఇదెందుకండీ అసలు

లోడ్‌లెక్క: బూస్ట్ నొక్కితే కొన్ని హాబ్‌లలో ఒక్క పొయ్యే 3000 దాటుతుంది బాబాయ్ గారూ. రెండిటికి నొక్కితే 6000. పండక్కి చుట్టాలొస్తే నాలుగూ వెలుగుతాయి. పైగా అదే లైన్లో ఓవెన్ కూడా ఉందని ఆయనే రాశారు.

మియాపూర్_రవ్వదోశ: మా ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంది, ఏ టెన్షనూ లేదు

లోడ్‌లెక్క: ఆర్‌సీసీబీ చూసేది కరెంటు ఎర్త్‌లోకి లీకవుతోందా అని మాత్రమే. ఓవర్‌లోడ్‌తో దానికి సంబంధం లేదు. వైరు మాడుతున్నా చూస్తూ కూర్చుంటుంది.

టెస్టర్_బాబాయ్: నాలుగు పొయ్యిలూ ఎవరు పెడతారన్నదానికి ఇంకా జవాబు రాలేదు.

లోడ్‌లెక్క: ఇచ్చాను, చదవండి. మా నాన్నగారింట్లో గీజరు లైను ఇలాగే 'ఏం కాదు' అని ఒకాయన చేసి వెళ్లాడు. జంక్షన్ బాక్సులో వైర్లు మెలిపెట్టి టేపు చుట్టాడు. ఓరోజు బాక్సు కరిగి గోడంతా నలుపు. ఆయనకి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

టెస్టర్_బాబాయ్: అది జాయింటు తప్పు, వైరు సైజు తప్పు కాదు. ఎవడో చేసినదానికి మమ్మల్నందర్నీ అంటారేంటి?

లోడ్‌లెక్క: 'ఏం కాదు' అనే మాట గురించి చెప్తున్నాను! ఆ మాట మీరూ అంటున్నారు!

టెస్టర్_బాబాయ్: అంటాం. ఎందుకంటామో చెప్పనా? 6 స్క్వేర్ వెయ్యాలి, గోడ కొట్టాలి, టైల్స్ పోతాయి అని కొటేషన్ ఇస్తే 'దోచుకుంటున్నావా' అంటారు. ఇంకొకడిని పిలిచి ఎంసీబీ మార్పించుకుంటారు. లక్ష పెట్టి హాబ్ కొన్నవాళ్లకి వైరు దగ్గరే పొదుపు గుర్తొస్తుంది. నేను అలా మానేసిన ఒక ఇంట్లో తర్వాత సాకెట్టు మాడింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో తిట్టింది నన్ను, ఎందుకంటే పాత వైరింగ్ నాది. సామాన్ల డబ్బులు కూడా సగం ఇంకా రావాలి.

లోడ్‌లెక్క: అదీ విషయం. మొదట్నుంచీ నాలుగు పొయ్యిల గురించి కొట్టుకుంటున్నాం గానీ 2.5 సరిపోదని మీకూ తెలుసు. తెలిసి చేసిపెట్టడం తప్పా కాదా అన్నదే గొడవ. నా దృష్టిలో తప్పే. డబ్బులివ్వకపోతే పని వదిలెయ్యాలి.

టెస్టర్_బాబాయ్: నెల జీతం వచ్చేవాళ్లు చెప్పడం తేలిక. నేను వదిలేస్తే పని ఆగదు, నాకన్నా తక్కువ తెలిసినవాడు చేస్తాడు.

లోడ్‌లెక్క: చెయ్యనివ్వండి, మీ చేత్తో మాత్రం వద్దు.

కూకట్‌పల్లి_కిచెన్: గొడవ పడకండి ప్లీజ్. ఒక మాట చెప్పలేదు, మాది అద్దె ఇల్లు. గోడ ముట్టుకోవద్దని ఓనర్ ఆంటీ ఖరాఖండిగా చెప్పేశారు.

గోంగూర_గ్యాంగ్: ఇది ముందు చెప్పాల్సింది కదా 😂

లోడ్‌లెక్క: మాన్యువల్‌లో పవర్ లిమిట్ సెట్టింగ్ ఉందేమో చూడండి, చాలావాటికి ఉంటుంది. 3500కి తగ్గించగలిగితే 15 ఆంప్స్ చిల్లర. అప్పుడు ఓవెన్, గ్రైండర్ వేరే లైనుకి మార్చి, లైను పొడవునా 2.5 ఉందో లేదో, జాయింట్లు, ఎర్త్ చూపించుకుని, ఆ 16 ఎంసీబీని అలాగే ఉంచి వాడుకోవచ్చు. వంట నెమ్మదిస్తుంది. కరెంటు బిల్లు మీద మీ ఇంటి లోడు ఎన్ని కిలోవాట్లని రాసుందో కూడా చూడండి.

కూకట్‌పల్లి_కిచెన్: ఉందండీ! 2800, 3500, 6000 అని రాసుంది.

టెస్టర్_బాబాయ్: 3500లో పెట్టి పాత ఎంసీబీ ఉంచుకోండి. నేను మొదట్నుంచీ చెప్తున్నది అదేగా, రెండు పొయ్యిలు చాలని.

లోడ్‌లెక్క: ఎక్కడ చెప్పారండీ బాబూ?