ప్యూజో పిఎక్స్-10: రోజూ తొక్కాలా, గోడకు తగిలించాలా?

గరోన్_గట్టు:
నేనుండేది తులూజ్‌లో. ఇక్కడ ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ 1972 నాటి ప్యూజో పిఎక్స్-10 రేసు సైకిల్ అమ్ముతున్నారు. తెల్ల రంగు, రేనాల్డ్స్ 531 స్టీలు గొట్టాలు, స్ట్రాంగ్‌లైట్ 93 క్రాంకులు (పెడళ్ళు తగిలించే చేతులు), మఫాక్ బ్రేకులు, సింప్లెక్స్ గేర్లు. ఏదీ మార్చలేదట. ఆఫీసుకి నాది కాలువ గట్టు దారి, దాదాపు చదునే. రోజూ తొక్కడానికే కొనాలనుంది. ఆఫీసులో ఫ్రెండు మాత్రం "అలాంటిది ఇంట్లో పెట్టుకుని చూసుకోవాలి, రోజువారీకి మామూలు అల్యూమినియం బండి చాలు" అంటున్నాడు. మీరేమంటారు?

పాతచైను:
కొనేయండి, ఆలోచించకండి. 1975లో, 1977లో ఫ్రెంచి రేసర్ తెవెనే టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు గెలిచింది ప్యూజో జట్టులోనే. షాపులో జనానికి అమ్మిన వాటిలో ఆ కంపెనీ పైవరస రేసు బండి ఈ పిఎక్స్-10. పది కిలోల అటూ ఇటూ ఉంటుంది. గోడకు తగిలిస్తే దానికి అవమానం.

ఫ్రేమ్ ఒక్కటి సరిగ్గా చూసుకోండి. హ్యాండిల్ గొట్టానికి కాస్త వెనక, కింది గొట్టం అడుగున వేలితో మెల్లగా తడమండి. పెయింటు కింద చిన్న ముడతలా తగిలితే ఎప్పుడో ఎదురుగా దేన్నో గుద్దిందన్నమాట, వదిలేయండి. సీటు పైపు పైకి లాగి లోపలికి టార్చి వేయండి. పైపు కదలకపోతే అది ఇరుక్కుపోయినట్టే, అప్పుడు సగం ధరకి బేరమాడండి.

మరల_మల్లయ్య:
పాతచైను అన్నా, ఫ్రేమ్ గురించి నువ్వన్నది నిజమే. అసలు తలనొప్పి చెప్పలేదేం? ఫ్రెంచి మరలు! ఇంగ్లీష్ కొలతల బండిలో బాటమ్ బ్రాకెట్ (క్రాంకుల ఇరుసు తిరిగే చోటు) కుడి కప్పుకి ఎడమ మర, అంటే ఎడమకి తిప్పితే బిగిసేది, ఉంటుంది, తొక్కేకొద్దీ ఊడిపోకుండా. ఆ కాలపు ప్యూజోలో రెండు కప్పులకీ కుడి మరే, 35 మి.మీ. వ్యాసం, 1 మి.మీ. పిచ్ (మర గీతల మధ్య దూరం). సరిగ్గా బిగించకపోతే కుడి కప్పు తనంతట తానే వదులవుతుంది. హ్యాండిల్‌ని పట్టి ఫ్రేమ్‌లోకి దిగే స్టెమ్ 22 మి.మీ., ఇప్పుడు షాపులో దొరికేది 22.2. ఆ పాయింట్ రెండు కోసం ఇసక కాగితంతో రుద్దుతూ కూర్చోవాలి. పెడల్ మరా వేరే, ఫ్రీవీల్ (వెనక పళ్ళచక్రాల గుత్తి) మరా వేరే. పొరపాటున షాపువాడు ఇంగ్లీష్ ఫ్రీవీల్ బలవంతంగా ఎక్కించాడా, హబ్బు (చక్రం నడిమి భాగం) మర పోయినట్టే. క్రాంకు ఊడదీయడానికి మామూలు పుల్లర్ 22 మి.మీ., స్ట్రాంగ్‌లైట్‌కి 23.35 కావాలి. ప్రతి చిన్న పార్టుకీ వేట. దీన్ని రోజువారీ బండి అంటారా?

పాతచైను:
మల్లయ్యా, నువ్వు హైదరాబాద్‌లో కూర్చుని చెప్తున్నావు. ఆయనున్నది ఫ్రాన్స్‌లో. అక్కడి సంతల్లో, పాత సైకిల్ షాపుల్లో ఈ పార్టులు దొరుకుతాయి. కప్పు సంగతంటావా, పొడుగు బోల్టు, వాషర్లు వేసి జారకుండా పట్టి ఒక్కసారి గట్టిగా బిగిస్తే మళ్ళీ దాని జోలికి పోనక్కర్లేదు.

కొండదారి_సుజాత:
నేను గ్రెనోబుల్‌లో పాత స్టీలు బండే తొక్కుతాను, పిఎక్స్-10 కాదులెండి. గరోన్ గారూ, మరల కన్నా ముందు టైర్ల సంగతి చూడండి. పిఎక్స్-10కి రిమ్ముకి జిగురుతో అంటించే ట్యూబ్యులర్ టైర్లు వచ్చేవి. పంక్చరైతే దారిలో ప్యాచ్ వేయడం కుదరదు, టైరు మొత్తం పీకి ఇంకోటి వేయాలి. తొమ్మిదింటికి మీటింగ్ పెట్టుకుని ఆ పని ఎవరు చేస్తారు? లోపల ట్యూబు వేసే మామూలు 700సి సైజు చక్రాల జత వేరే కొనుక్కోండి. రిమ్ము వ్యాసం దాదాపు ఒకటే కాబట్టి మఫాక్ బ్రేకులు అలాగే అందుతాయి. వెనక చక్రం కూర్చునే ఎడం 120 మి.మీ., దానికి సరిపడే హబ్బే చూడాలి. పాత చక్రాలు అటక మీద పెట్టండి, ఆదివారం షికారుకి పనికొస్తాయి.

బ్రేకు రబ్బర్లు కూడా మార్చండి. పాతవి రాయిలా బిగుసుకుపోయి ఉంటాయి. కూల్‌స్టాప్ వాళ్ళ సాల్మన్ రంగువి వానలో బాగా పడతాయి. రబ్బరు ముందు అంచు రిమ్ముకి ఒక వెంట్రుక ముందుగా తగిలేలా తిప్పి బిగించకపోతే మాత్రం వీధంతా వినబడేలా కీచుమంటాయి.

మరల_మల్లయ్య:
చక్రాలు మార్చి, రబ్బర్లు మార్చి, రేపు గేర్లు కూడా మారిస్తే ఇంక పిఎక్స్-10 ఎక్కడుంది సుజాత గారూ?

కొండదారి_సుజాత:
ఫ్రేమ్‌లో ఉంది. గేర్లు మాత్రం మార్చక తప్పదు. ఆ సింప్లెక్స్ డెల్రిన్ ప్లాస్టిక్‌ది. ముందు డిరెయిలర్ (చైనుని ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి జరిపేది) గొట్టానికి పట్టే చోట సన్నగా నెర్రె ఉందేమో చూడండి. ఉందంటే ఇంకో అర చుట్టు బిగించగానే విరుగుతుంది.

పాతచైను:
ఇక్కడ నేను మల్లయ్య పక్షం. వెనక డిరెయిలర్‌ని ఫ్రేమ్‌కి తగిలించే సింప్లెక్స్ హ్యాంగర్‌కి మర ఉండదు, ఉత్త రంధ్రమే. కొత్త డిరెయిలర్ కోసం దానికి ట్యాప్ కొట్టి మర వేశారంటే మళ్ళీ మునుపటిలా కాదు. విరిగేదాకా సింప్లెక్స్‌తోనే నడిపించండి.

కొండదారి_సుజాత:
అంటే అది నడిరోడ్డు మీద విరిగి స్పోకుల్లో ఇరుక్కునేదాకా ఆగమంటారా? మనిషి కన్నా హ్యాంగర్ ఎక్కువా?

బెజవాడ_బెల్లు:
మీరు మరల మీద కొట్టుకోండి. అసలు ఆఫీసు బయట రోజంతా దాన్ని ఎక్కడ కడతారు? దొంగలెత్తుకుపోతే పట్టుకోవడానికని ఫ్రాన్స్‌లో 2021 నుంచి షాపులో అమ్మే కొత్త సైకిళ్ళకి గుర్తింపు నంబరు తప్పనిసరి. ఇలా మనిషి నుంచి మనిషికి చేతులు మారే పాతవాటికి ఉండకపోవచ్చు, కావాలంటే మనమే వేయించుకోవాలి.

గరోన్_గట్టు:
ఆఫీసు బేస్‌మెంట్‌లో తాళం గది ఉందండీ, ఆ టెన్షన్ లేదు. పెద్దాయన శనివారం రమ్మన్నారు. చక్రాలు, రబ్బర్లు మారుస్తాను. ప్లాస్టిక్ బాగుంటే హ్యాంగర్ జోలికి పోను, నెర్రె కనిపిస్తే సుజాత గారి మాటే. ఇంతకీ పెడళ్ళు ఫ్రెంచి మరవో కాదో విప్పకుండా తెలుస్తుందా?

మరల_మల్లయ్య:
ఇరుసు మీద చూడు తమ్ముడూ. కుడి, ఎడమలకి ఇంగ్లీష్ ఆర్, ఎల్ అక్షరాలకి బదులు డి, జి ఉంటే ఫ్రెంచివి, 14 మి.మీ. అవే ఉంచేసుకో. మార్చాలనుకుంటే క్రాంకు మర పెద్దది చేయించాలి. అది చేయించే ముందు ఇక్కడొకసారి అడుగు.