స్క్రిములా, షిఫ్టులా, క్రెడిట్లా: ముందు కోత పెట్టాల్సింది దేనికి?

ఈకోరౌండ్:
ప్రశ్న సూటిగా పెడుతున్నాను. 15 క్రెడిట్ల సెమిస్టర్. వారానికి 15 గంటల క్యాంపస్ ఉద్యోగం. కాలేజీ వాలరంట్ (ఐదుగురేసి ఆడే ఆన్‌లైన్ షూటింగ్ ఆట) జట్టులో వారానికి మూడు రాత్రులు స్క్రిములు, అంటే వేరే జట్టుతో ప్రాక్టీస్ మ్యాచ్‌లు, శనివారం లీగ్ మ్యాచ్. ఇవి కాక రోజూ రెండు గంటల ర్యాంక్డ్, అంటే సొంత ర్యాంకు కోసం తెలియనివాళ్లతో ఆడే మ్యాచ్‌లు. ఇలా నాలుగు నెలలు లాగడం కుదరదనుకుంటే ముందు కోత దేనికి పెట్టాలి? ఆట మానెయ్యమనే సలహా వద్దు, చదువు ఎలాగోలా గట్టెక్కుతుందనే ధైర్యమూ వద్దు. గంటలు లెక్కగట్టి చెప్పేవాళ్లు చెప్పండి.

ఇంటిగ్రల్:
వారానికి 168 గంటలు. కాలేజీ వయసుకు రాత్రికి 7 నుంచి 9 గంటల నిద్ర కావాలి. 8 వేసుకుంటే 56 పోయాయి. తిండి, స్నానం, బట్టలు, అటూ ఇటూ నడక రోజుకు 3 చొప్పున 21. మిగిలినవి 91. క్రెడిట్‌కు వారానికి ఒక గంట క్లాసు, క్లాసు బయట రెండు గంటల చదువు అన్నది మామూలు కొలత కాబట్టి 15 క్రెడిట్లకు 45. ఇక 46. ఉద్యోగం తీసేస్తే 31. స్క్రిములు మూడు రాత్రులు మూడేసి గంటలు 9, శనివారం వార్మప్, ఎదురుచూపులు కలుపుకుని 4, వీడియో రివ్యూ 2. మొత్తం 15. చేతిలో ఇంకా 16 గంటలున్నాయి.

అంటే చదువు, ఉద్యోగం, జట్టు మూడూ పడతాయి. పట్టనిది మీరు "ఇవి కాక" అని చివర్లో చెప్పిన ర్యాంక్డ్. అది వారానికి 14 గంటలు. జ్వరమొచ్చినా, ల్యాబ్ రికార్డు తిరగరాయాల్సి వచ్చినా, ఇంటికి ఫోన్ చేసి తీరిగ్గా మాట్లాడాలన్నా మీకున్న ఆసరా ఆ 16 గంటలే. మిడ్స్ వారంలో చదువు 45 నుంచి 60కి పెరుగుతుంది. ర్యాంక్డ్ లేకపోతే ఆ 15 మిగులులోంచి వస్తాయి, ఉంటే నిద్రలోంచి వస్తాయి. నిద్ర తగ్గిన వారంలో పరీక్ష చెడుతుంది, గురీ చెడుతుంది. కోత ర్యాంక్డ్‌కే.

లైబ్రరీడెస్క్:
ఇంటిగ్రల్ గారి కూడికలో తప్పు లేదు, కానీ గంటలన్నీ ఒకటి కావు. స్క్రిములు జరిగేది దాదాపు రాత్రి 7 నుంచి 11 మధ్యనే, ఎందుకంటే రెండు జట్ల పదిమందీ ఖాళీగా ఉండే సమయం అదొక్కటే. వారానికి 10 గంటల ఉద్యోగమే అయినా అందులో రెండు షిఫ్టులు సాయంత్రం పడితే జట్టు పని అయిపోయినట్టే. 18 గంటలున్నా అన్నీ పగటిపూట ఉంటే నడుస్తుంది. అందుకే ఉద్యోగం ఎంచుకునేటప్పుడు ఎన్ని గంటలని కాదు, ఏ గంటలని అడగాలి.

లైబ్రరీ డెస్క్, కంప్యూటర్ ల్యాబ్ పర్యవేక్షణ, జిమ్ ఫ్రంట్ డెస్క్: ఉదయం షిఫ్టులు సులువుగా దొరుకుతాయి, మధ్యలో చదువుకోనిస్తారా లేదా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి. డైనింగ్ హాల్ పనికి గంటలు ఎప్పుడూ దొరుకుతాయి కానీ మనుషులు ఎక్కువగా కావాల్సింది రాత్రి భోజనం వేళకే. క్లోజింగ్ షిఫ్ట్ చెప్పిన టైముకు అయిపోదు, గిన్నెలు, నేల అయ్యేసరికి మరో అరగంట. ఐటీ హెల్ప్ డెస్క్‌లో జీతం కన్నా నేర్చుకునేది ఎక్కువ, కాకపోతే సెమిస్టర్ మొదటి రెండు వారాలు ఊపిరాడదు. పేపర్లు దిద్దే గ్రేడర్ పనికి టైము మన చేతిలో ఉంటుందంటారు. నిజమే కానీ ఆ పేపర్ల కట్ట వచ్చేది మిడ్స్ అయిన వారంలోనే, అప్పటికి మీ సొంత అసైన్‌మెంట్లు పేరుకుని ఉంటాయి. జట్టులో ఉన్నవాళ్లు అస్సలు ఒప్పుకోకూడనిది హాస్టల్లో తోటి విద్యార్థుల బాగోగులు చూసే రెసిడెంట్ అసిస్టెంట్ డ్యూటీ. మ్యాప్ మధ్యలో, స్కోరు 11-11 మీద ఉండగా తలుపు కొడతారు. లేవకుండా ఉండకూడదు, లేస్తే నలుగురిని నట్టేట వదిలేసినట్టు.

సూపర్‌వైజర్‌కు చెప్పాల్సింది షిఫ్టుల రోస్టర్ వేశాక కాదు, వేయకముందు. ఒకే మెయిల్‌లో క్లాసుల టైమ్‌టేబుల్, లీగ్ తేదీలు, రాలేని సాయంత్రాలు. రాలేని సాయంత్రాలు రెండు మించితే గంటలు వేరేవాళ్లకు వెళ్తాయి. వాటికి బదులుగా ఎవరూ కోరని షిఫ్ట్ ఒకటి, ఆదివారం ఉదయం లాంటిది, మీరే అడిగి తీసుకోండి. ప్లేఆఫ్స్ వారంలో షిఫ్ట్ మార్చుకోవాల్సి వస్తే సాయం చేసేవాళ్లుంటారు.

సింగిల్‌ట్యాప్:
ర్యాంక్డ్ పూర్తిగా ఆపేస్తే మూడు వారాల్లో తేడా కనిపిస్తుంది బ్రో, ముఖ్యంగా డ్యూయలిస్ట్ (ముందుగా దూసుకెళ్లి తలపడే పాత్ర) ఆడేవాళ్లకు. స్క్రిములో ఎదురుపడేది అవతలి జట్టు ఐదుగురే, వాళ్ల అలవాట్లు తెలిసిపోతాయి. తెలియని మనిషి ఎదురైనప్పుడు చెయ్యి ఎలా స్పందిస్తుందో ర్యాంక్డ్‌లోనే తెలుస్తుంది.

నేనైతే కోత పెట్టేది మూడో స్క్రిముకు. మూడు గంటల బ్లాకులో మూడు మ్యాపులు పడతాయి. మూడు రాత్రులకు తొమ్మిది. ఆ తొమ్మిదిలో రివ్యూ చేసేది ఎన్ని? రివ్యూ లేని స్క్రిమ్ ఐదుగురు కలిసి ఆడిన ర్యాంక్డ్ లాంటిదే. మూడో రాత్రికి బదులు 45 నిమిషాలు కూర్చోండి. మ్యాప్ మొత్తం చూడొద్దు, రెండు రకాల రౌండ్లే చూడండి: మీవాళ్లు ఐదుగురు, అవతల నలుగురే మిగిలి (5-4) ఉన్నా ఓడినవి, అవతలివాళ్ల చేతిలో పిస్టళ్లే ఉన్నా మీరు ఓడినవి. ఒక్కో మ్యాపులో ఇలాంటివి మూడో నాలుగో ఉంటాయి. గెలవాల్సిన రౌండ్లు కాబట్టి తప్పు ఎక్కడుందో వెంటనే దొరుకుతుంది. ఎక్కువసార్లు అది గురి తప్పు కాదు. మొదటి కిల్ పడగానే ఎవరో ఒకరు రెండో కిల్ కోసం ఒంటరిగా ముందుకెళ్లి 4-4 చేసి ఉంటారు.

ర్యాంక్డ్ వారానికి ఆరు మ్యాచ్‌లు చాలు, ఒక రోజున వరసగా రెండు ఓడితే ఆ రోజుకు ఆపెయ్యాలి. మిగతా రోజుల్లో 35 నిమిషాలు: 10 ఎయిమ్ ట్రైనర్ (గురి సాధన ప్రోగ్రామ్), 15 డెత్‌మ్యాచ్ (జట్లు లేకుండా ఎవరికి వారు కాల్చుకునే ఆట), 10 ఆ వారం మ్యాప్ లైనప్‌లు (ఎక్కడ నిలబడి ఎటు విసిరితే ఎక్కడ పడుతుందన్న గుర్తులు). టైమర్ పెట్టుకుని ఆడాలి, లేకపోతే 35 కాస్తా 90 అవుతుంది.

ఇంటిగ్రల్:
మూడో స్క్రిమ్ గురించి మీరన్నది ఒప్పుకుంటాను, కానీ ఆ నిర్ణయం ఒక్కరిది కాదు. ఒక్కరు రాకపోతే మిగతా నలుగురికీ ఆ రాత్రి పోతుంది, అవతలి జట్టుకూ పోతుంది. చివరి నిమిషంలో రద్దు చేసే జట్టన్న పేరొస్తే మంచి జట్లు స్క్రిమ్ ఇవ్వవు. సెమిస్టర్ మొదట్లోనే కెప్టెన్‌తో కూర్చుని రెండు రాత్రులు ఖాయం చేసుకోవాలి, మూడోది అందరూ సరేనన్న వారంలోనే. అది కుదరని జట్టయితే ఆరో ఆటగాడిగా, అంటే అవసరమైతే బదులు ఆడేవాడిగా ఉంటానని ముందే చెప్పడం మర్యాద.

ఇంకో సంగతి. 15 క్రెడిట్లు అన్నంత మాత్రాన 45 గంటలని నమ్మేయొద్దు. ఒక్క క్రెడిట్ ల్యాబ్ గదిలోనే మూడు గంటలు తింటుంది, రికార్డు వేరే. ప్రోగ్రామింగ్ ప్రాజెక్టున్న కోర్సు మొదటి నెల తేలిగ్గా ఉండి చివరి నెల రెట్టింపవుతుంది. ప్రతి కోర్సుకూ విడివిడిగా, ఏ వారం ఏది అప్పగించాలో రాసుకుని, ఆ కాగితం మీదే లీగ్ తేదీలు గీయండి. ప్లేఆఫ్స్, ప్రాజెక్ట్ డెమో ఒకే వారంలో పడుతున్నాయని మొదటి వారంలో తెలిస్తే ప్రొఫెసర్‌ను అడగొచ్చు. ముందు రోజు అడిగితే ఎవరిస్తారు?

ఈకోరౌండ్:
క్రెడిట్లు తగ్గించడం గురించి ఎవరూ మాట్లాడలేదు. 15 నుంచి ఒక కోర్సు వదిలేస్తే?

ఇంటిగ్రల్:
చేయొచ్చు, కానీ గీత ఎక్కడుందో చూసుకోండి. అమెరికా కాలేజీల్లో అండర్‌గ్రాడ్యుయేట్లకు పూర్తికాల విద్యార్థి అంటే సాధారణంగా సెమిస్టర్‌కు 12 క్రెడిట్లు. మూడు క్రెడిట్ల కోర్సు వదిలితే సరిగ్గా 12, గీత మీద నిలబడతారు. నాలుగు క్రెడిట్లదైతే 11, మొదటికే మోసం. చాలా కాలేజీ లీగులు పూర్తికాల విద్యార్థులనే ఆడనిస్తాయి. స్కాలర్‌షిప్పులు, కొన్ని క్యాంపస్ ఉద్యోగాలు కూడా ఆ గీత మీదే ఆధారపడతాయి. ఆట కోసం కోర్సు వదిలి ఆటకే అనర్హులవడం జరిగే పనే. డ్రాప్ గడువు దాటాక వదిలితే ట్రాన్‌స్క్రిప్టు మీద డబ్ల్యూ (విత్‌డ్రా, మధ్యలో వదిలేశారన్న గుర్తు) పడుతుంది, అది కూడా గుర్తుంచుకోండి.

లైబ్రరీడెస్క్:
దీనికి తోడు వీసా సంగతి. అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకు క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్ పని వారానికి 20 గంటలు మించకూడదు. రెండు ఉద్యోగాలుంటే రెండూ కలిపి 20. ఒక వారం 24 చేసి మరో వారం 16 చేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. స్ట్రీమింగ్ ఆదాయం, ప్రైజ్ మనీ కూడా క్యాంపస్ అనుమతి కిందకే వస్తాయని అనుకోవద్దు. డబ్బు చేతికి రాకముందే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో డీఎస్‌ఓను, అంటే వీసా విషయాలు చూసే కాలేజీ అధికారిని అడగండి.

ఈథర్నెట్‌తీగ:
కోత పెట్టాల్సిన గంటలు ఇంకొన్ని ఉన్నాయి: ఆడకుండానే పోయేవి. హాస్టల్ వైఫై మీద ఓ రాత్రి లాగ్‌తో కొట్టుకుని, రీస్టార్టులు కొట్టి, స్క్రిమ్ మధ్యలో ఆగిపోతే పదిమందికి గంటేసి పోయినట్టు. తప్పు ఎక్కడుందో ముందు తేల్చుకోండి. రాత్రి 9 గంటలకు, రద్దీ ఉన్నప్పుడే, కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్‌ఫిగ్ కొట్టి డిఫాల్ట్ గేట్‌వే (మీ సిస్టమ్ బయటి నెట్‌కు వెళ్లే మొదటి ద్వారం) చిరునామా చూసి దానికి వంద పింగ్‌లు (బదులు ఎంతసేపట్లో వస్తుందో కొలిచే చిన్న సందేశాలు) పంపండి. 1 నుంచి 5 మిల్లీసెకన్లలో నిలకడగా వస్తే మీ గది వరకు బాగుంది, ఇబ్బంది బయట ఉంది. మధ్యమధ్యలో 80, 150 అని ఎగిరితే తప్పు వైఫైదే. కొన్ని క్యాంపస్ గేట్‌వేలు పింగ్‌కు అసలు బదులివ్వవు, దాన్ని చూసి నెట్ పోయిందనుకోకండి.

వైఫై తప్పయితే ముందు 5 గిగాహెర్ట్జ్ బ్యాండుకు మారండి, అసలు మందు మాత్రం తీగే. గోడకున్న ల్యాన్ పోర్టులో తీగ పెట్టినా నెట్ రాకపోతే చాలాసార్లు పోర్టు చెడి కాదు, పరికరం మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్కులో ఆ పరికరాన్ని గుర్తుపట్టే సంఖ్య) కాలేజీ నెట్‌వర్కులో నమోదు కాక. పోర్టు లేని ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ అడాప్టర్ వాడేవాళ్లు తరచూ చేసే తప్పు ఒకటుంది: ల్యాప్‌టాప్ వైఫై మ్యాక్ నమోదు చేస్తారు. నమోదు చేయాల్సింది అడాప్టర్‌ది, దానికి వేరే మ్యాక్ ఉంటుంది. సొంత రౌటర్ మాత్రం అడగకుండా పెట్టొద్దు, చాలాచోట్ల నిషేధం, పోర్టే మూసేస్తారు.

వ్యాన్‌గార్డ్ గురించి, అంటే వాలరంట్‌తో వచ్చే, మోసాలను పట్టుకునే ప్రోగ్రామ్ గురించి: అది విండోస్‌తో పాటే లేవాలి. చదువుకునేటప్పుడు ఎందుకని ట్రేలోంచి ఆపేస్తే ఆడే ముందు మళ్లీ రీస్టార్ట్ తప్పదు. విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు రెండూ ఆన్‌లో ఉండాలి. బయోస్ (విండోస్ కన్నా ముందు లేచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) అప్‌డేట్ తర్వాత సెక్యూర్ బూట్ ఆఫ్ అయితే, మ్యాచ్ చెక్-ఇన్ వేళకు వ్యాన్ 9003 ఎర్రర్ వచ్చి కూర్చుంటుంది. శుక్రవారం రాత్రే ఒక డెత్‌మ్యాచ్ ఆడి చూసుకోండి, విండోస్ అప్‌డేట్లు సోమవారం దాకా ఆపి ఉంచండి. కంప్యూటర్ ల్యాబ్ సిస్టమ్స్‌లో ఆడదామన్న ఆలోచన వద్దు, అడ్మిన్ అనుమతి లేకుండా ఇది ఎక్కదు.

సింగిల్‌ట్యాప్:
కాలేజీ ఈస్పోర్ట్స్ గదిలో ఆడేవాళ్లకు ఓ మాట. ఆ మౌస్ డీపీఐ (అంగుళం కదిలితే ఎన్ని అడుగులుగా లెక్కిస్తుందన్న సెట్టింగ్) మీది కాకపోవచ్చు. మీ సొంత గదిలో 800 డీపీఐ, 0.4 సెన్సిటివిటీ అలవాటైతే రెండూ గుణిస్తే వచ్చే ఈడీపీఐ 320, ఒక పూర్తి చుట్టుకు మౌస్ సుమారు 41 సెంటీమీటర్లు కదలాలి. అక్కడి మౌస్ 1600 మీద ఉంటే సెన్సిటివిటీ 0.2 పెట్టాలి. కౌంటర్-స్ట్రైక్ అనే మరో షూటింగ్ ఆట కూడా ఆడితే అదే దూరానికి 3.18తో గుణించాలి, 0.4 కాస్తా 1.27 అవుతుంది. స్కేలు పెట్టి కొలవండి, అందాజాగా వద్దు.

ఈకోరౌండ్:
ఆ గదిలోనే అటెండెంట్ ఉద్యోగం ఖాళీ ఉంది. షిఫ్టులోనే ప్రాక్టీస్ అయిపోతుంది కదా?

లైబ్రరీడెస్క్:
కాదు. ఆ గది నిండేది సాయంత్రమే, అందుకే షిఫ్టులూ సాయంత్రమే. హెడ్‌సెట్ పనిచేయట్లేదని ఒకరు, సీటు బుకింగ్ తప్పని ఇంకొకరు పది నిమిషాలకోసారి వస్తారు. స్క్రిమ్ జరిగేది మీ కళ్లముందే, ఆడేది మాత్రం మీరు కాదు. మధ్యాహ్నం షిఫ్ట్ ఇస్తామంటే అప్పుడు మంచిదే.

ఇంటిగ్రల్:
ఉద్యోగం ఏదైనా చేతి లెక్క కూడా వేసుకోండి. డేటా ఎంట్రీ 15 గంటలు, ఆట 15, అసైన్‌మెంట్ల టైపింగ్ మరో 15 అయితే ఒకే మణికట్టు మీద 45. ఇది ఎవరూ కలిపి చూడరు. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు తిమ్మిరెక్కితే మణికట్టు దగ్గర మధ్యనాడి నలుగుతోందేమో చూడాలి. ఉంగరం వేలు, చిటికెన వేలు అయితే మోచేతిని అంచుకు ఆనించి కూర్చుంటున్నారేమో చూసుకోండి. రాత్రి నిద్రలో తిమ్మిరి వస్తుంటే ఆట ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, బ్యాండ్ కొనుక్కుని ఆడటం కాదు.

ఈకోరౌండ్:
అందరికీ ధన్యవాదాలు. ముసాయిదా ఇది. డెస్క్ షిఫ్ట్ సోమ, బుధ, శుక్ర ఉదయం 7.30 నుంచి 10.30, మంగళ, గురు మధ్యాహ్నం 1 నుంచి 4. మొత్తం 15. స్క్రిములు మంగళ, గురు రాత్రి 8 నుంచి 11. బుధవారం రాత్రి రివ్యూ. ర్యాంక్డ్ శుక్రవారం మూడు, ఆదివారం మూడు. తప్పులుంటే చెప్పండి.

ఇంటిగ్రల్:
మంగళవారం 11కి స్క్రిమ్ అయితే ఆ వేడి తగ్గి నిద్ర పట్టేసరికి 12.30. బుధవారం 7.30కి డెస్క్ దగ్గర ఉండాలంటే 6.30కి లేవాలి. ఆరు గంటలే. గురు, శుక్రవారాల మధ్యా అదే తప్పు. సాయంత్రం 5 తర్వాత కాఫీ తాగితే ఆరు కూడా ఉండవు, ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది.

ఈకోరౌండ్:
బుధ, శుక్రవారాల్లో 11.30 నుంచి 2.30 ఖాళీ ఉంది. ఆ రెండు షిఫ్టులూ అక్కడికి మార్చమని ఈ రోజే మెయిల్ పెడతాను. గురువారం స్క్రిమ్ 7.30కి జరపగలరా అని కెప్టెన్‌నూ అడుగుతాను.

సింగిల్‌ట్యాప్:
7.30 అని పెట్టేటప్పుడు ఏ టైమ్‌జోన్‌లో 7.30 అన్నది కూడా రాయమని చెప్పండి. అవతలి జట్టు గంట వెనక ఉంటే వాళ్లకు అది 6.30, వాళ్లలో సగంమంది అప్పటికి ఇంకా షిఫ్టులోనే ఉంటారు.